కట్టిన ఇంటికి వంకలు

మన తెలుగులో ఒక సామెత ఉన్నది: కట్టిన ఇంటికి వంకలు పెట్టేవారు వేయిమంది అని. చెమటోడ్చి ఇల్లు కట్టుకొన్నవాడి పక్షాన నిలిచి, ఏ శ్రమా పడకుండా వచ్చి తప్పులెన్నేవాణ్ణి ఎత్తిపొడిచే సామెత ఇది. ముప్పై నాలుగేళ్ళ ఉపాధ్యాయవృత్తిలో ఈ సామెతను పిల్లలచేత సొంతవాక్యంలో ఎన్నిసార్లు ప్రయోగింపజేశానో లెక్క లేదు. మొన్నామధ్య అదే సామెతను ఒకరు నా మీద ప్రయోగించారు.

మేము కాపురముండే భవనం పాతికేళ్ళనాటిది. కింద వాహనాలు నిలుపుకొనే చోటు, పైన నాలుగంతస్తులు. లిఫ్టు ఉన్నది. అయితే ఆ లిఫ్టు దగ్గరకు చేరడానికి మూడు మెట్లెక్కాలి. ఒక్కొక్కటి అరడుగు ఎత్తు. ఇన్నేళ్ళూ ఆ మెట్లు ఉన్నాయన్న సంగతే నాకు తెలియదంటే అతిశయోక్తి కాదు. కిందటేడు మా ఆవిడకు పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైన తరువాతనే అవి నా కంటికి కనబడ్డాయి. వైద్యుని దగ్గరకు వెళ్ళవలసినప్పుడల్లా కాపలాదారూ, పక్కింటి కుర్రవాడూ చెరొకవైపు పట్టుకొని ఆమెను కుర్చీతో సహా ఎత్తి దించుతారు. ఆ క్షణంలో ఆమె కళ్ళు మూసుకొంటుంది. ఒక్క మాట అనదు. ఆ కళ్ళు మూసుకోవడమే నేను చూడలేకపోతున్నాను.

మూడు మెట్ల పక్కన ఒక వాలుబాట, అంటే అందరూ ర్యాంపు అంటున్నది, వేయించండని నివాసుల సంఘం సమావేశంలో అడిగాను. అధ్యక్షులవారు మంచివారే. నొచ్చుకొంటూనే అన్నారు: "మాస్టారూ, కట్టిన ఇంటికి ఇప్పుడు వంకలు పెడితే ఎలా చెప్పండి? కొత్తగా కట్టేవాళ్ళకు ఏవో చట్టాలున్నాయేమో గాని, పాత బిల్డింగుకు అవన్నీ వర్తిస్తాయా?"

సామెత సంగతి అలా ఉంచితే, ఆయన వేసిన ప్రశ్న న్యాయమైనది. సమాధానం తెలియనప్పుడు ఇంటికి వచ్చి పుస్తకం తెరవడం బడిపంతులుకు అలవాటు కదా. కొన్ని వారాల పాటు చదివి తెలుసుకొన్నది చదువరులతో పంచుకొందామని ఈ టపా.

ఈ కథ అమెరికాలో మొదలవుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో కాళ్ళు పోగొట్టుకొన్న, వెన్ను దెబ్బతిన్న సైనికులు ఇళ్ళకు తిరిగివచ్చి కళాశాలల్లో చేరదలచినప్పుడు, అక్కడి భవనాలు వారిని లోపలికి రానివ్వలేదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో టిమొతీ నుజెంట్ అనే అధ్యాపకుడు 1948లో ఇటువంటి విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం ప్రారంభించాడు. అక్కడ గడించిన అనుభవం పునాదిగా 1961లో ఏ117.1 అనే జాతీయ ప్రమాణపత్రం వెలువడింది. వాలుబాట నిలువున ఒక అడుగు ఎక్కాలంటే పొడవున కనీసం పన్నెండడుగులు ఉండాలన్న నియమం అందులోనిదే. ఈనాటికీ ప్రపంచంలో చాలా దేశాలు, మనతో సహా, ఆ ఒకటికి పన్నెండు అనే నిష్పత్తినే పాటిస్తున్నాయి. అయితే ఆ పత్రం కేవలం హితవు. పాటించాలన్న నిర్బంధం లేదు.

నిర్బంధం 1968లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 12న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం, కేంద్రప్రభుత్వ ధనంతో కట్టే, మార్పుచేసే, అద్దెకు తీసుకొనే భవనాలు వికలాంగులకు చేరదగినవిగా ఉండాలన్నది. ఇక్కడ గమనించవలసిన మాట "మార్పుచేసే" అన్నది. అప్పటికే నిలిచివున్న భవనం జోలికి చట్టం నేరుగా పోలేదు. నీవు దానిని ముట్టుకొన్ననాడు నేనూ ముట్టుకొంటానన్నది.

కదలని పాత భవనాన్ని ఏంచేయాలి అన్న ప్రశ్న 1973 నాటి పునరావాస చట్టంతో ముందుకు వచ్చింది. అందులోని 504వ సెక్షన్, కేంద్రప్రభుత్వ సహాయం పొందే ఏ కార్యక్రమంలోనూ వైకల్యం కారణంగా ఎవరినీ దూరంగా ఉంచరాదన్నది. చెప్పినది ఒక్క వాక్యం. దానిని అమలుచేసే నియమావళి మాత్రం నాలుగేళ్ళ దాకా రాలేదు. చివరకు 1977 ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయంలోకి నూరుమందికి పైగా వికలాంగులు ప్రవేశించి, అక్కడే బైఠాయించారు. దాదాపు నెలరోజులు కదలలేదు. బ్లాక్ పాంథర్స్ అనే నల్లజాతివారి సంస్థ వారికి వేడివేడి భోజనం తెచ్చి పెట్టేది. ఏప్రిల్ 28న మంత్రి సంతకం చేయక తప్పలేదు.

ఆ ధర్నాకు ముందు నిలిచిన జూడీ హ్యూమన్ నాకు ప్రత్యేకంగా ఆప్తురాలనిపించింది. పసితనంలో పోలియో సోకిన ఆమెను అయిదేళ్ళ వయసులో బడిలో చేర్చుకోలేదు. చక్రాల కుర్చీ వల్ల అగ్నిప్రమాదపు భయం ఉందన్నారట. పెరిగి పెద్దదై ఉపాధ్యాయురాలు కావాలనుకొంటే న్యూయార్కు విద్యామండలి అనుమతిపత్రం ఇవ్వలేదు. ఆమె 1970లో న్యాయస్థానానికి వెళ్ళి సాధించుకొని పాఠాలు చెప్పింది. 2023లో కన్నుమూసింది.

ఆమె వంటివారు పోరాడి తెచ్చుకొన్న ఆ 1977 నియమావళిలో పాత భవనాల గురించి ఒక సూత్రం ఉన్నది. ఉన్న ప్రతి భవనాన్నీ, ప్రతి గదినీ మార్చి తీరాలని అది అనలేదు. అక్కడ జరిగే పనిని మొత్తంగా చూసినప్పుడు అది వికలాంగులకు అందాలన్నది. అందుకు మార్గాలు కూడా సూచించింది. అందులో ఒకటి, తరగతులను చేరదగిన చోటికి మార్చడం. ఏ ఉపాయమూ పనికిరానప్పుడే నిర్మాణంలో మార్పు. దానికి మూడేళ్ళ గడువు.

తరగతిని మార్చడం. ఈ రెండు మాటల దగ్గర నా చదువు ఆగిపోయింది.

1988లో నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో పదవతరగతి పైఅంతస్తులో ఉండేది. పోలియో వల్ల రెండు కాళ్ళూ చచ్చుబడిన పిల్లవాడు ఒకడు ఆ తరగతిలో ఉండేవాడు. పద్యం చదివితే గది నిండేది. వాణ్ణి రోజూ ఇద్దరు స్నేహితులు వీపు మీద మోసుకొని పైకి తెచ్చేవారు, సాయంత్రం దించేవారు. నేను వాళ్ళను తరగతిలో నిలబెట్టి మెచ్చుకొన్నాను. స్నేహధర్మానికి ఉదాహరణగా ప్రార్థన సమయంలో చెప్పాను కూడా. ఆ పిల్లవాడు పొద్దుటి నుండి సాయంత్రం దాకా ఒక్క గుక్క మంచినీళ్ళు తాగేవాడు కాదని ఏడాది చివర, వాళ్ళ అమ్మగారు చెప్పగా తెలిసింది. తాగితే దొడ్డికి వెళ్ళాలి, వెళ్ళాలంటే స్నేహితులు మళ్ళీ మోయాలి. వాళ్ళ ఆటవిడుపు పాడుచేయడం వాడికి ఇష్టం లేదు.

కింద ఆరవతరగతి గది ఉండేది. ఆ రెండు తరగతులనూ తారుమారు చేస్తే సరిపోయేది. ఇటుక అక్కరలేదు, సిమెంటు అక్కరలేదు, పైసా ఖర్చు లేదు. ఒక్క పూట పని. అది నాకు తోచలేదు, ప్రధానోపాధ్యాయులకు తోచలేదు, ఎవరికీ తోచలేదు. బడి ఒకసారి కట్టాక అది అలాగే ఉంటుంది, పిల్లలే దానికి సర్దుకోవాలి అని మా అందరి మనసుల్లో నాటుకొనిపోయింది. అప్పటికి పదకొండేళ్ళ ముందే మరొక ఖండంలో ఆ మాటను నియమంగా రాసిపెట్టారని ఇన్నేళ్ళకు చదివినప్పుడు కలిగిన సిగ్గును ఇక్కడ దాచుకోవడం లేదు.

అదే 1988లో అమెరికావారు నివాసగృహాల చట్టాన్ని సవరించారు. మా సంఘం అధ్యక్షుల ప్రశ్నకు సూటిగా సంబంధించినది ఇదే. 1991 మార్చి 13 తరువాత తొలిసారి కాపురానికి వచ్చే, నాలుగు లేదా అంతకు మించి ఇళ్ళున్న కొత్త భవనాలలో, లిఫ్టు ఉంటే అన్ని ఇళ్ళూ, లేకపోతే నేలమట్టపు ఇళ్ళూ చక్రాల కుర్చీకి అనువుగా కట్టాలన్నారు. మరి పాత ఇళ్ళ మాటేమిటి? ఇంటి యజమాని తన ఖర్చుతో మార్పుచేయాలని అనలేదు. అద్దెకున్న వికలాంగుడు తన సొంత ఖర్చుతో తగిన మార్పు చేసుకొంటానంటే యజమాని కాదనరాదన్నారు. ఇంటిలోపలి మార్పులైతే, ఖాళీచేసేటప్పుడు యథాస్థితికి తెమ్మని అడిగే హక్కు తగినచోట యజమానికి ఉన్నది. ఉమ్మడి ద్వారాలకూ, నడవలకూ కూడా ఈ అనుమతి వర్తిస్తుంది. చట్టం ఇక్కడ డబ్బు అడగలేదు, అడ్డుపడవద్దని మాత్రమే అన్నది.

1990 మార్చి 12న అరవైమంది దాకా వికలాంగులు తమ కుర్చీలనూ ఊతకర్రలనూ వదిలి, వాషింగ్టనులోని శాసనసభా భవనపు మెట్లను పాకుతూ ఎక్కారు. వారిలో ఎనిమిదేళ్ళ బాలిక కూడా ఉన్నది. పెద్దబుష్ అధ్యక్షుడిగా జులై 26న సంతకం చేసిన వికలాంగుల చట్టం అప్పుడు వచ్చింది. దుకాణాలు, హోటళ్ళు, వైద్యశాలల వంటి ప్రైవేటు స్థలాలకు సంబంధించినంతవరకు ఆ చట్టం భవనాలను మూడు తరగతులుగా విభజించింది. కొత్తగా కట్టేది పూర్తిగా ప్రమాణానికి లోబడాలి. పాతదానిలో మార్పుచేస్తే, మార్చిన భాగం లోబడాలి. ఆ భాగం ముఖ్యమైనదైతే అక్కడికి చేరే దారి కూడా బాగుపడాలి. అయితే దారికి పెట్టే ఖర్చు అసలు మార్పు ఖర్చులో 20 శాతం మించనక్కరలేదు. ఇక ఎవరూ ముట్టని పాత భవనంలో, పెద్ద కష్టమూ పెద్ద ఖర్చూ లేకుండా తొలగించగల అడ్డంకులను తొలగించాలి. ఆ చేతనవడమన్నది యజమాని స్తోమతును బట్టి ఉంటుంది. ఈ ఏడు చేతకానిది వచ్చే ఏడు చేతనైతే, అప్పుడు చేయాలి. పాతదన్న పేరుతో ఏ భవనానికీ శాశ్వతమైన మినహాయింపు లేదన్నమాట.

పాత భవనాలలో చోటు చాలనప్పుడు కొలతల్లో కూడా కొంత సడలింపు ఇచ్చారు. మూడంగుళాల లోపు ఎత్తుకు ఒకటికి ఎనిమిది, ఆరంగుళాల లోపు ఎత్తుకు ఒకటికి పది వాలు సరిపోతుందన్నారు. అంతకు మించితే మళ్ళీ పన్నెండే. బ్రిటనులో 1995 నాటి చట్టం కింద ఇటువంటి బాధ్యత 2004 అక్టోబరు నుండి దుకాణాల వంటి సేవాసంస్థల పాత భవనాలకు కూడా వర్తించింది.

ఇక మన ఇంటి సంగతి. 1995లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7 నుండి అమలులోకి వచ్చింది. ప్రజాభవనాలలో వాలుబాటలు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్లు, లిఫ్టుల్లో బ్రెయిలీ గుర్తులు, ఆసుపత్రులలోనూ ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలలోనూ వాలుబాటలు కావాలని 46వ సెక్షన్ చెప్పింది. కాని ముందు ఒక మాట చేర్చింది: ప్రభుత్వాల ఆర్థికస్తోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి అని. సంధి తెలిసినవారికి అర్థమవుతుంది, పరపదం పూర్వపదాన్ని మింగివేసిందని. 1998లో కేంద్ర ప్రజాపనుల శాఖ వికలాంగులకూ వృద్ధులకూ కలిపి కొలతల మార్గదర్శకాలు ప్రచురించింది. వృద్ధులను అందులో చేర్చడం గమనార్హం. మెట్టు ముందు వైకల్యమూ వార్ధక్యమూ ఒక్కటే.

2001 జనవరిలో సుప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీకి వచ్చాడు. ఆయన కుర్చీ వెళ్ళడానికి కుతుబ్ మీనారు వంటి చారిత్రక కట్టడాల దగ్గర తాత్కాలికంగా కొయ్య వాలుబాటలు వేశారు. వికలాంగుల హక్కుల కోసం జీవితమంతా పోరాడిన జావేద్ ఆబిదీ ఇందుకు గట్టిగా పట్టుబట్టాడు. ఎనిమిది వందల యేళ్ళనాటి కట్టడానికి ఒక అతిథి కోసం వాలుబాట వేయగలిగినప్పుడు, నిన్నమొన్నటి తాలూకా కార్యాలయానికి ఎందుకు వేయలేమన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. 2004 ఎన్నికల సందర్భంలో పోలింగు కేంద్రాలలో కొయ్య వాలుబాటలు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పోలింగు కేంద్రాలు సాధారణంగా మన బడులే కదా. ఓటు వేసే పెద్దవాడు లోపలికి రాగలిగితే, చదువుకొనే పిల్లవాడు మర్నాడు రాలేకపోవడానికి కారణమేముంటుంది?

2007 అక్టోబరు 1న మనదేశం ఐక్యరాజ్యసమితి వారి వికలాంగుల హక్కుల ఒడంబడికను ధ్రువీకరించింది. 2015 డిసెంబరు 3న సుగమ్య భారత్ ఉద్యమం ప్రారంభమైంది. ఎంపిక చేసిన నగరాలలోని ముఖ్యమైన ప్రభుత్వభవనాలను తనిఖీచేసి, మార్చాలన్నది లక్ష్యం. గడువులు పలుమార్లు పొడిగింపబడ్డాయి. పండితులకు అలవాటైన ఒక చిన్న పదవిచారం ఇక్కడ చేస్తాను. సుగమమంటే సుఖంగా వెళ్ళదగినది. దానికి వ్యతిరేకపదం దుర్గమం. కోటను దుర్గం అని ఎందుకన్నారు? శత్రువు చేరరానిది గనుక. మన ఆసుపత్రులనూ, కచేరీలనూ, బడులనూ ఎవరిని శత్రువులుగా భావించి దుర్గాలుగా కట్టుకొన్నామో ఆలోచించవలసినది. ఈ కాలంలోనే వికలాంగుడన్న మాట పోయి దివ్యాంగుడన్న మాట వచ్చింది. పేరు మారింది, మెట్లు మాత్రం మారలేదు.

2016 డిసెంబరులో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలైన కొత్త చట్టం ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడింది. ప్రమాణానికి లోబడని కొత్త కట్టడానికి అనుమతీ ఇవ్వరాదు, పూర్తయినట్లు ధ్రువపత్రమూ ఇవ్వరాదని 44వ సెక్షన్. ఇప్పటికే ఉన్న ప్రజాభవనాలన్నిటినీ, నియమాలు ప్రకటించిన నాటి నుండి అయిదేళ్ళలోగా సుగమం చేయాలని 45వ సెక్షన్. ప్రజాభవనమంటే ప్రభుత్వానిదే కానక్కరలేదు. ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు భవనం, బడి, దుకాణం, ఆసుపత్రి, న్యాయస్థానం, గుడి, అన్నీ ఆ నిర్వచనంలోకి వస్తాయి. అమెరికావారు స్తోమతును బట్టి చేయమన్నారు. మనవారు తేదీ పెట్టారు. కాగితం మీద మన చట్టమే కఠినమైనది.

నియమాలు 2017 జూన్ 15న ప్రకటించారు. అంటే అయిదేళ్ళ గడువు 2022 జూన్‌లో ముగిసింది. ముగిసిన సంగతి మన వీధిలోని ఏ కార్యాలయపు మెట్లను చూసినా తెలియదు. లోపం ఎక్కడుందో చెప్పినది సుప్రీంకోర్టు. చూపులేని రాజీవ్ రతూరీ అనే పౌరుడు 2005లో వేసిన వ్యాజ్యంలో 2017 డిసెంబరు 15న న్యాయస్థానం ప్రభుత్వాలకు గడువులతో కూడిన ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలైనాయో పరిశీలించే పనిని తరువాత మన హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక అందిన తరువాత 2024 నవంబరు 8న వెలువడిన తీర్పు, 15వ నియమంలోని మొదటి భాగం మూలచట్టానికి విరుద్ధమని కొట్టివేసింది. కారణం తెలుగు పండితునికి సులభంగా అర్థమయ్యేదే. చట్టం విధ్యర్థకంలో మాట్లాడింది: చేయవలెను అన్నది. నియమం చూపిన మార్గదర్శకాలు చేస్తే బాగుండును అన్న ధోరణిలో ఉన్నాయి. విధి ఒకచోట, హితవు ఒకచోట ఉంటే ఎవరిని ఏమని శిక్షిస్తారు? తప్పక పాటించవలసిన కనీస ప్రమాణాలను విడదీసి, మూడు నెలల్లో నియమాలుగా చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 1961లో అమెరికా ప్రమాణపత్రానికి ఉన్న లోపమే, అరవైమూడేళ్ళ తరువాత మన నియమంలో బయటపడిందన్నమాట.

మరి నివాసగృహాలు? ఇక్కడే నాకు నిరాశ ఎదురైంది. ప్రజాభవనమన్న నిర్వచనంలో గుడి ఉన్నది, బడి ఉన్నది, చివరకు జైలు కూడా ఉన్నది. మేము కాపురముండే వంటి నివాస సముదాయం పేరు లేదు. జాతీయ భవననిర్మాణ స్మృతిలో కొలతలున్నా, రాష్ట్రాలూ పురపాలక సంఘాలూ తమ నిబంధనలలో చేర్చుకొన్నంత మేరకే అవి కట్టుబాటవుతాయి. అవి ప్రధానంగా కొత్తగా కట్టేవారికి ఎదురయ్యేవి. 2022 నాటికి గుడి మెట్లు సుగమం కావాలన్న చట్టం, గుడికి బయలుదేరవలసిన మనిషి తన ఇంటి మెట్లు ఎలా దిగాలో చెప్పలేదు. కనుక అధ్యక్షులవారి ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పాలంటే, మన పాత నివాసభవనం ఫలానా తేదీలోగా మారితీరాలని ఆ సెక్షన్‌లో నేను వేలు పెట్టి చూపగల వాక్యం లేదు.

అందువల్ల చట్టాన్ని పక్కన పెట్టి, చట్టాల చరిత్ర నేర్పిన పద్ధతిని పట్టుకొన్నాను. పాత భవనం విషయంలో అడగవలసిన ప్రశ్న అది పాతదా కొత్తదా అన్నది కాదు. అడ్డంకి ఏది, దాన్ని తీయడానికి ఏమవుతుంది అన్నది. టేపు తీసుకొని కొలిచాను. మూడు మెట్లు, పద్దెనిమిది అంగుళాలు. ఒకటికి పన్నెండు చొప్పున పద్దెనిమిది అడుగుల వాలుబాట. నేరుగా వేస్తే ఒక కారు నిలిపే చోటు పోతుంది. సంఘంవారి అసలు ఇబ్బంది సిమెంటు ఖర్చు కాదు, ఈ కారు చోటేనని అప్పుడు అర్థమైంది. ఎవరి చోటు పోవాలి? ఎవరూ నోరు తెరిచి అనని మాట ఇది.

ఇంటితోపాటు నా పేర కూడా ఒక చోటు ఉన్నది. నాకు కారు లేదు, పాత స్కూటరు ఒకటి ఉన్నది, అది గోడవార నిలుస్తుంది. నా చోటు మెట్లకు ఆనుకొని లేదు గాని, ఆనుకొనివున్నవారు నా చోటికి మారితే సరిపోతుంది. ఆరవతరగతినీ పదవతరగతినీ తారుమారు చేయడం వంటిదే. ముప్పై యేడేళ్ళు ఆలస్యంగా తోచింది. ఈ మాట కాగితం మీద రాసి, కొలతల పటం గీసి, ఖర్చులో నా వంతుకు మించి భరిస్తానని చేర్చి అధ్యక్షులవారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. "వచ్చే ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడదాం మాస్టారూ" అన్నారు. ఈసారి సామెత చెప్పలేదు.

ఆ ఆదివారం ఇంకా రాలేదు. ఏమవుతుందో తరువాత తెలియజేస్తాను.

సామెతను నేను తప్పుపట్టడం లేదు. కట్టినవాడి కష్టం కష్టమే. అయితే వంకలు పెట్టే వేయిమందిలో లోపలికి వచ్చి కూర్చొని పెట్టేవారు తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది ఉంటే, గుమ్మం బయట ఆగిపోయి పెట్టేవాడు ఒకడుండవచ్చు. వాడి మాట వంక కాదు, విన్నపం. ముప్పై నాలుగేళ్ళు ఆ సామెత నేర్పి ఈ తేడా చెప్పని పంతులుగా నా పూర్వవిద్యార్థులకు క్షమాపణలు. వారిలో ఆ పద్యాల పిల్లవాడికి మరీ ముఖ్యంగా.

చదువరులకు ఒక చిన్న మనవి. ఈ పూట బయటికి వెళ్ళేటప్పుడు మీ ఇంటి గుమ్మానికీ వీధికీ నడుమ మెట్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.